డిస్కులు వేయించిన మార్క్ 4 అంబాసిడర్: వేడెక్కితే ముందు బ్రేకులు పట్టేస్తున్నాయి, తిరుపతి

చంద్రగిరి మార్క్4

అందరికీ నమస్కారం. బ్రేకుల విషయంలో సాయం కావాలి. కాస్త టెన్షన్‌గానే ఉంది.

మాది 1984 మార్క్ 4 అంబాసిడర్. పాత 1489 సీసీ ఇంజిన్ దించేసి ఇసుజు 1800 పెట్రోల్ ఇంజిన్, దానికి జతగా వచ్చే 5 గేర్ల బాక్సు ఎక్కించాం. ఆర్టీఓ ఆఫీసులో చూపించి ఆర్సీలో కూడా రాయించాం. ఇంజిన్‌కు బలం వచ్చాక పాత డ్రమ్ములను నమ్ముకోవడం ఇష్టం లేక, చెన్నై పుదుప్పేటలో తర్వాతి మోడల్ అంబాసిడర్ ముందు డిస్కులు, వాటిని ప్యాడ్లతో బిగించి పట్టే కాలిపర్లు, హబ్‌లు వెతికి తెచ్చాం. వెనక డ్రమ్ములు అలాగే ఉన్నాయి. కాలి బలాన్ని పెంచే బూస్టర్, పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను చక్రాలకు నెట్టే రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ కూడా అక్కడే దొరికాయి, కాకపోతే రెండూ ఒకే బండివి కావు. ఇంజిన్ పక్కన చోటు చాలక మెకానిక్ వాటిని ఫ్లోర్ కింద బ్రాకెట్ కట్టి బిగించాడు.

పొద్దున బండి తీసినప్పుడు బ్రేకులు చక్కగా ఉంటాయి. తిరుపతి నుంచి చిత్తూరు రోడ్డు పట్టుకుంటే, చంద్రగిరి దాటి కొంత దూరం పోయేసరికి పెడల్ కొద్దికొద్దిగా పైకొచ్చి గట్టిపడుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే బండి దొర్లదు, ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టు ఆగిపోతుంది. పూతలపట్టు వచ్చేలోపు ముందు చక్రాల దగ్గర మాడు వాసన. నీడలో అరగంట ఆపితే మళ్లీ మామూలే. కాలిపర్లకు కొత్త కిట్లు వేశాం, పిన్నులకు గ్రీజు పెట్టాం, ఆయిల్ పైపుల్లో గాలి తీశాం (బ్లీడ్ చేశాం). ఏమీ తేడా లేదు.

మదనపల్లెలో దగ్గరివాళ్ల పెళ్లి ఉంది. భాకరాపేట ఘాట్ మీదుగా ఇంటిల్లిపాదినీ ఈ బండిలోనే తీసుకెళ్లాలని ఉంది. అంతలోపు దీని సంగతి తేలాలి.

గ్రీమ్స్‌పేట అంబి

మాది చిత్తూరు అన్నా, నా దగ్గర డీజిల్ అంబాసిడర్ ఉంది. రెండు ముందు చక్రాలూ ఒకేలా వేడెక్కుతున్నాయా, లేక ఒకటేనా? ఒక్క చక్రమే అయితే ఆ వైపు రబ్బరు గొట్టం లోపల వాచిపోయి ఉంటుంది. పైకి బాగానే కనిపిస్తుంది కానీ లోపలి పొర ఊడి, ఆయిల్‌ను ముందుకు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు.

ఇంకో మాట. కాలిపర్లు కుడి ఎడమలు తారుమారు కాలేదు కదా? గాలి తీసే నిప్పల్ పైన ఉండాలి. కిందకు ఉంటే ఎంత బ్లీడ్ చేసినా పైభాగంలో గాలి మిగులుతుంది. పట్టేయడానికి అది కారణం కాదనుకో, అయినా పాత సామాను బిగించినప్పుడు అది చూసుకోవడం మంచిది.

చంద్రగిరి మార్క్4

రెండూ ఒకేలా వేడెక్కుతున్నాయన్నా. నిప్పళ్లు పైకే ఉన్నాయి. గొట్టాలు రెండూ కొత్తవే వేశాం. వెనక డ్రమ్ములు కూడా కొంచెం వెచ్చగా ఉన్నాయి, ముందువాటి అంత కాదు.

రేణిగుంట రోడ్డు

మాస్టర్ సిలిండర్ మార్చేయండి, పోతుంది. మా బంధువుల బండికి ఇలాగే అయితే కొత్తది వేశారు, తగ్గింది. పాత సామాను బజారులో కొన్న మాస్టర్‌ను నమ్మకూడదు.

లేత్ మేస్త్రి

తమ్ముడూ, ఆటోనగర్‌లో పాత బండ్ల పని చేస్తూ ఇంత వయసు వచ్చింది నాకు. ఒక్క మాట వినండి. ఏ పార్టూ ఇప్పుడే మార్చొద్దు. ఇప్పటికే కిట్లు మార్చారు, గొట్టాలు మార్చారు. ఇప్పుడు మాస్టర్ మార్చి, రేపు బూస్టర్ మార్చి, చివరికి ఏది తప్పో తెలియకుండానే డబ్బు అయిపోతుంది. అదృష్టం బాగుండి తగ్గినా, ఎందుకు తగ్గిందో తెలియదు. అలాంటి బండిలో పిల్లల్ని ఎక్కించుకుని ఘాట్ దిగకూడదు.

వేడెక్కితే పట్టేస్తుంది, చల్లారితే వదిలేస్తుంది, పెడల్ పైకొస్తుంది. ఈ మూడూ కలిసి వస్తే కాలిపర్ల కన్నా ముందు ఒకటే అనుమానించాలి: ఆయిల్ ఎక్కడో ఇరుక్కుని వెనక్కి పోలేకపోతోంది. ఎక్కడ ఇరుక్కుందో పట్టుకుంటే చాలు. ముందు రెండు విషయాలు చెప్పు. స్టాప్ లైట్ స్విచ్ పెడల్ దగ్గర ఉందా, బ్రేకు లైన్‌లో ఉందా? పెడల్‌ను చేత్తో నొక్కితే బిగువు తగలకముందు ఎంత ఖాళీగా ఆడుతోంది?

చంద్రగిరి మార్క్4

స్విచ్ లైన్‌లోనే ఉంది సార్. ముందు బ్రేకులకు పోయే పైపు రెండుగా చీలే చోట, ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసేది. పెడల్ చేత్తో నొక్కితే వేలి మందం కన్నా తక్కువే, ఓ 5 మిల్లీమీటర్లు ఖాళీగా ఆడుతోంది. కాలు తీస్తే పూర్తిగా వెనక్కి వస్తోంది, స్ప్రింగ్ బాగానే ఉంది.

లేత్ మేస్త్రి

మంచిది. అయితే ఈసారి వెనక ఒకరిని బైకు మీద రమ్మను. బండి పట్టేయడం మొదలయ్యాక, నీ కాలు పెడల్ మీద లేనప్పుడు, వెనక ఎర్ర లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసి చెప్పమను. పట్టేసిన బండిని ఎక్కువ దూరం తోలొద్దు. లైట్లు చూడగానే పక్కకు తీసి ఆపేయి.

పద్మిని పలమనేరు

ఈ స్విచ్ కిటుకు నేను గుర్తు పెట్టుకుంటాను సార్. మా పద్మినికి నాలుగూ డ్రమ్ములే కాబట్టి ఈ బాధ రాలేదు, కానీ మొగిలి ఘాట్ మాకు ఇంటి ముందు రోడ్డు లాంటిదే. పలమనేరు నుంచి బంగారుపాళ్యం వైపు దిగేటప్పుడు బ్రేకు పోయిన బండ్ల గురించి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం.

తమ్ముడూ, నీ బండిలో బ్రేకు ఆయిల్ ఏది పోశారు, ఎప్పుడు పోశారు? డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకున్నాక 140కే మరగొచ్చు. డాట్ 4 అయితే 230, తేమ పట్టాక 155. చక్రాలు మాడు వాసన వచ్చేంత కాగాయంటే ఆ ఆయిల్ ఇక నమ్మదగ్గది కాదు. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు వస్తాయి, బుడగలు నలుగుతాయి తప్ప ఒత్తిడిని పంపవు. ఇప్పుడు పైకొచ్చి గట్టిపడుతున్న పెడల్, ఇంకొంచెం వేడి ఎక్కితే ఒక్కసారిగా ఫ్లోర్‌కు ఆనిపోతుంది. ఘాట్‌లో అలా అయితే ఏం చేస్తాం? దయచేసి ఇది తేలేదాకా భాకరాపేట వైపు పోవద్దు. ఎక్కడం సంగతి సరే, తిరుగు ప్రయాణంలో దిగాలి కదా.

చంద్రగిరి మార్క్4

డాట్ 3 అక్కా. సమస్య తేలాక మొత్తం తీసేసి డాట్ 4 పోయిస్తాను.

సార్, మీరు చెప్పినట్టే చేశాం. స్నేహితుడు బైకు మీద వెనక వచ్చాడు. బయల్దేరినప్పుడు లైట్లు మామూలుగానే ఆరిపోతున్నాయి. పెడల్ గట్టిపడ్డం మొదలయ్యాక కాలు తీసినా లైట్లు ఆరడం లేదట. బండి పక్కన ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లోనే ఉంచి నేనే దిగి చూశాను. పెడల్ దగ్గర ఎవరూ లేరు, వెనక రెండు లైట్లూ వెలుగుతూనే ఉన్నాయి. అది చూసి ఒళ్లు జలదరించింది.

గ్రీమ్స్‌పేట అంబి

అయితే గొట్టాల మీద అనుమానం పోయినట్టే. గొట్టం మూసుకుపోతే ఒత్తిడి గొట్టానికి అవతల, చక్రం వైపు ఇరుక్కుంటుంది. స్విచ్ ఇవతల ఉంది. అక్కడ కూడా ఒత్తిడి ఉందంటే గొడవ మాస్టర్ సిలిండర్ దగ్గరే ఉంది.

రేణిగుంట రోడ్డు

అంటే మాస్టర్ మార్చాలనే కదా నేను మొదట చెప్పింది?

లేత్ మేస్త్రి

మాస్టర్ దగ్గర ఉందంటే మాస్టర్‌లో ఉందని కాదు. అక్కడే మనవాళ్లు తొందరపడతారు. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు, దాని రబ్బరు కప్పుకు సరిగ్గా ముందు ఒక సన్నని రంధ్రం తెరుచుకుంటుంది. సూది మొన పట్టేంతే ఉంటుంది. అది పైన ఆయిల్ డబ్బాలోకి దారి. బ్రేకు వేసినప్పుడు కాలిపర్ల దగ్గర ఆయిల్ వేడెక్కి పెరుగుతుంది, కాలు తీయగానే ఆ పెరిగిన ఆయిల్ ఈ రంధ్రంలో నుంచే డబ్బాలోకి పోవాలి. పిస్టన్ ఒక్క మిల్లీమీటరు ముందుకు ఉండిపోయినా రబ్బరు కప్పు ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. ఇక ఆయిల్‌కు దారి లేదు. వేడికి పెరిగిన ఆయిల్ ప్యాడ్లను డిస్కు మీదకు నొక్కుతుంది, దానితో ఇంకా వేడి, ఇంకా ఒత్తిడి. నీ కాలు అక్కర్లేకుండానే బండి తనకు తాను బ్రేకు వేసుకుంటుంది. చల్లారితే ఆయిల్ తగ్గి వదిలేస్తుంది.

వెనక డ్రమ్ములు తక్కువ వేడెక్కడానికీ కారణం ఇదే. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే స్ప్రింగులు బలంగా ఉంటాయి, ఒత్తిడి వాటిని దాటాలి. డిస్కుకు అలాంటి స్ప్రింగ్ లేదు.

పిస్టన్ ముందుకు ఎందుకు ఉండిపోతుంది? బూస్టర్ నుంచి వచ్చే రాడ్డు పొడుగైతే. నువ్వు ముందే చెప్పావు, బూస్టర్ ఒక బండిది, మాస్టర్ ఇంకో బండిదని. రాడ్డు కొనకూ పిస్టన్ గుంటకూ మధ్య అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు సందు ఉండాలి. రెండు కంపెనీల సామాను కలిపినప్పుడు ఆ సందును ఎవరూ కొలవరు, నట్లు బిగించేసి చేతులు తుడుచుకుంటారు.

అలాగని రాడ్డేనని ఇప్పుడే తీర్పు చెప్పను. మాస్టర్ లోపలా కారణం ఉండొచ్చు. డ్రమ్ము బండ్ల కోసం చేసిన మాస్టర్లలో లైన్‌లో 10 పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం) దాకా ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ములో షూలను నెట్టే వీల్ సిలిండర్ల రబ్బరు కప్పులు పెదవి విప్పుకుని గాలి పీల్చకుండా అది కాపాడుతుంది. డ్రమ్ముకు అది అవసరం, డిస్కుకు కీడు. ఎప్పుడూ ప్యాడ్లను తాకించే ఉంచుతుంది. అయితే 10 పీఎస్ఐకి మామూలుగా స్టాప్ లైట్ వెలగదు, పైగా ఆ వాల్వు వల్ల అయితే పొద్దున్నే పట్టాలి, వేడెక్కేదాకా ఆగదు. అందుకే నా చూపు రాడ్డు మీద ఉంది. ఇక పరీక్ష.

బండి పట్టేసేదాకా తోలి, చదునైన చోట ఇంజిన్ ఆపి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టు. ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపు, దానికి కింద స్టాండు పెట్టకుండా బండి కిందకు తల పెట్టొద్దు. చక్రం తిరగడం లేదని చూసుకున్నాక, మొట్టమొదట మాస్టర్‌ను బూస్టర్‌కు పట్టి ఉంచే రెండు నట్లనూ రెండు మూడు మిల్లీమీటర్లు వదులు చేసి మాస్టర్‌ను ముందుకు జరుపు. చక్రం వదిలితే రాడ్డు సంగతే. వదలకపోతే మాస్టర్ నుంచి ముందుకు పోయే పైపు నట్టు కొంచెం విప్పు. అప్పుడు వదిలితే మాస్టర్ లోపలే తప్పు, అప్పుడు మారుద్దాం. అప్పటికీ వదలకపోతే చివరగా కాలిపర్ నిప్పల్. అక్కడా వదలకపోతే కాలిపరే బిగుసుకుంది.

ఈ వరుస తప్పొద్దు. చాలామంది ముందే నిప్పల్ విప్పేస్తారు. నిప్పల్ విప్పితే ఎక్కడ ఇరుక్కున్న ఒత్తిడైనా చాలావరకు అక్కడే పోతుంది, చక్రం వదులుతుంది, కానీ మనకు ఏమీ తెలియదు. మళ్లీ వేడెక్కేదాకా తోలాలి.

పైపు విప్పేటప్పుడు ముఖం దూరంగా పెట్టు, కళ్లద్దాలు పెట్టుకో. వేడి ఆయిల్ చిమ్ముతుంది. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు, లేకపోతే పెయింట్ లేచిపోతుంది.

పద్మిని పలమనేరు

ఇంత వివరంగా చెప్పేవాళ్లు దొరకడం అదృష్టం సార్. ఇది ప్రింటు తీసి షెడ్డులో గోడకు అంటిస్తాను.

గ్రీమ్స్‌పేట అంబి

మధ్యలో నాదొక చిన్న ప్రశ్న. నా డీజిల్ బండిది దీనికి పూర్తిగా రివర్స్. పెడల్ రాయిలా ఉంటుంది, బండి ఆగడానికి రెండు కాళ్లూ వేయాల్సొస్తోంది. చక్రాలు మాత్రం హాయిగా తిరుగుతాయి.

లేత్ మేస్త్రి

నీది బూస్టర్‌కు గాలి లాగే వైపు సమస్య. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కు, గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేయి. పెడల్ కాలి కింద కొంచెం దిగాలి. దిగకపోతే బూస్టర్‌కు వ్యాక్యూమ్ అందడం లేదు, లేదా బూస్టర్ డయాఫ్రమ్ చిరిగింది. పెట్రోల్ ఇంజిన్‌కు మానిఫోల్డ్ నుంచే వ్యాక్యూమ్ వస్తుంది. డీజిల్‌కు రాదు, దానికి వేరే పంపు ఉండాలి. చాలా డీజిల్ ఇంజిన్లకు అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. ఆ పంపు, దాని గొట్టం, మధ్యలో ఒకవైపే గాలిని పోనిచ్చే వాల్వు, ఈ మూడూ చూసుకో. వివరాలు వేరే చర్చ పెట్టి అడుగు, ఇది ఆ తమ్ముడిది.

చంద్రగిరి మార్క్4

తేలింది సార్!

ఇవాళ పొద్దున ఎండ ముదరకముందే బయల్దేరాం. పట్టేసిన తర్వాత రోడ్డు దిగి ఒక ఖాళీ స్థలంలో ఆపి, రాళ్లు పెట్టి, కుడివైపు చక్రం లేపాను. రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. నట్లు రెండూ వదులు చేశాను. రెండోది వదులవుతుండగానే మాస్టర్ తనంతట తానే ముందుకు జరిగింది. ‘టిక్’ మని చిన్న చప్పుడు, ఆయిల్ డబ్బాలో ఒక్కసారి ఆయిల్ ఉబికింది. స్నేహితుడు చక్రాన్ని ఒక వేలితో తిప్పాడు. ఆగకుండా తిరిగింది. స్టాప్ లైట్లు కూడా ఆరిపోయాయి.

ఇప్పుడు రాడ్డు ఎంత పొడుగుందో ఎలా కొలవాలి?

లేత్ మేస్త్రి

సంతోషం నాయనా. డబ్బాలో ఆయిల్ ఉబికిందంటే ఇరుక్కున్నది రంధ్రం తెరుచుకుని బయటపడిందన్నమాట. ఇక అనుమానం లేదు. పెడల్ దగ్గర 5 మిల్లీమీటర్ల ఆట ఉంది కాబట్టి పెడల్ వైపు రాడ్డు కాదు, బూస్టర్ నుంచి మాస్టర్‌లోకి పోయేదే.

పిల్లలు ఆడుకునే మైనపు మట్టి కొంచెం తీసుకో. మాస్టర్ పిస్టన్ గుంటలో బఠాణీ గింజంత ఉండ పెట్టి, మాస్టర్‌ను బూస్టర్‌కు మామూలుగా బిగించు, పెడల్ తొక్కకుండా విప్పు. మట్టి ఎంత మందం మిగిలితే అంత సందు ఉన్నట్టు. పూర్తిగా నలిగి గుంట మెటల్ కనిపిస్తే సందు లేదు. మధ్యలో వచ్చే వాషర్, రబ్బరు సీలు పెట్టే కొలవాలి. కొలిచాక మట్టి చుక్క కూడా లోపల మిగలకుండా తుడవాలి.

రాడ్డు కొనకు తిప్పే స్క్రూ తల ఉందేమో చూడు. ఉంటే అదే మేలు. మాస్టర్, బూస్టర్ మధ్య మందం రేకు పెట్టి సరిపెట్టమని ఎవరైనా చెబితే వినొద్దు, అక్కడ వ్యాక్యూమ్ సీలు కూర్చునే చోటు పాడవుతుంది.

చంద్రగిరి మార్క్4

స్క్రూ తల ఉంది, లాక్ నట్టు కూడా ఉంది. మట్టి పెట్టి చూస్తే కాగితమంత కూడా మిగల్లేదు, గుంట నున్నగా మెరిసింది. స్క్రూ లోపలికి తిప్పుతూ, మళ్లీ మళ్లీ బిగించి విప్పుతూ, మట్టి 0.8 మిల్లీమీటర్లు మిగిలేలా కుదిర్చాను. వెర్నియర్‌తో కొలిచాను. ఆయిల్ మొత్తం తీసేసి డాట్ 4 పోసి, దూరంగా ఉన్న వెనక చక్రం నుంచి మొదలుపెట్టి గాలి తీశాం.

చిత్తూరు వెళ్లి, అక్కడి నుంచి కాణిపాకం పోయి స్వామి దర్శనం చేసుకుని వచ్చాం. ఎక్కడా పట్టలేదు. చక్రం మీద చెయ్యి పెట్టగలుగుతున్నాను.

కానీ ఇంకోటి మొదలైంది. మొదటిసారి తొక్కితే పెడల్ బాగా కిందకు పోతోంది. వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా ఆగుతోంది. గాలి ఉందేమోనని మళ్లీ బ్లీడ్ చేశాం, ఒక్క బుడగ రాలేదు.

రేణిగుంట రోడ్డు

మాస్టర్ చిన్నదేమో. ఇంకొంచెం పెద్ద బోరుది (లోపలి వెడల్పు ఎక్కువున్నది) వేస్తే పెడల్ పైకొస్తుంది.

తుడా ఇంజనీర్

కొత్తగా చేరాను, మొత్తం చదివాను. పెద్ద బోరు వేస్తే పెడల్ పైకొస్తుంది, నిజమే, కానీ దానికి చెల్లించాల్సింది ఉంది. ఉదాహరణకు 19 మిల్లీమీటర్ల బోరు తీసి 22 వేశారనుకోండి. పిస్టన్ వైశాల్యం సుమారు మూడో వంతు పెరుగుతుంది. అంతే కాలి బలానికి లైన్‌లో ఒత్తిడి నాలుగో వంతు తగ్గిపోతుంది. డిస్కులకు డ్రమ్ముల కన్నా ఎక్కువ ఒత్తిడి కావాలి. డ్రమ్ములో షూ తిరిగే దిశకు లోపలికి ఈడ్చుకుని తనంతట తాను బిగుసుకుంటుంది, డిస్కులో ఆ సాయం లేదు. అందుకని పెడల్ ఎత్తు కోసం బోరు పెంచడం మంచిది కాదు.

నా అనుమానం వేరు. మాస్టర్ ఫ్లోర్ కింద ఉందన్నారు, కాలిపర్ల కన్నా కిందే కదా. అలాంటప్పుడు ఆయిల్ కాలిపర్ల నుంచి కిందకు జారి వెనక్కి పోతుంది, మొదటి తొక్కుడు ఆ ఖాళీ నింపడానికే సరిపోతుంది. దానికి డిస్కు లైన్‌లో 2 పీఎస్ఐ నిలిపే వాల్వు వేస్తారు. విదేశాల్లో పాత కార్లు మార్చేవాళ్లు ఇది మామూలుగా వాడతారు.

లేత్ మేస్త్రి

ఇంజనీర్ గారు చెప్పిన బోరు లెక్క బంగారం. వాల్వు విషయంలో ఒక్కటి అడగాలి. తమ్ముడూ, ఆయిల్ డబ్బా ఎక్కడ పెట్టారు? మాస్టర్ మీదే ఉందా, వేరే చోట ఉందా?

చంద్రగిరి మార్క్4

డబ్బా ఇంజిన్ రూములో, బ్యాటరీ పక్కన పైన ఉంది సార్. అక్కడి నుంచి మాస్టర్‌కు గొట్టాలు దిగుతాయి. కాలిపర్ల కన్నా బాగా ఎత్తు.

తుడా ఇంజనీర్

అయితే ఆ వాల్వు అక్కర్లేదు. డబ్బాలో ఆయిల్ మట్టం కాలిపర్ల కన్నా ఎత్తులో ఉంటే ఆయిల్ వెనక్కి జారిపోయే పనే లేదు. డబ్బా కూడా కింద ఉంటేనే ఆ సమస్య.

లేత్ మేస్త్రి

అవును. ఇప్పుడు ఆలోచించండి. రెండోసారి తొక్కితే పైనే ఆగుతోంది, బుడగలు లేవు. అంటే ఎక్కడో షూకో ప్యాడుకో సందు ఎక్కువుంది, మొదటి తొక్కుడు ఆ సందు మూయడానికే పోతోంది. ఇంతకాలం ఒత్తిడి ఇరుక్కుని అన్నిటినీ దగ్గరగా నొక్కి ఉంచింది, కాబట్టి సందు బయటపడలేదు.

రెండు చోట్ల చూడు. ముందు చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపు. వీల్ బేరింగ్ ఆడుతుంటే డిస్కు వంకరగా ఊగి ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది. అది బాగుంటే వెనక డ్రమ్ముల షూ సర్దుబాటు చూడు. హ్యాండ్ బ్రేకు కేబుల్ ముందు పూర్తిగా వదులు చేసి, ఆ తర్వాతే అడ్జస్టర్ తిప్పు. చక్రం బిగుసుకునేదాకా తిప్పి, స్వేచ్ఛగా తిరిగేంత మాత్రం వెనక్కి తీయి. కేబుల్ బిగించేది చివర్లో. కేబుల్‌తో షూలను దగ్గరకు లాగి సర్దితే కొలత తప్పుతుంది.

చంద్రగిరి మార్క్4

బేరింగులు గట్టిగానే ఉన్నాయి. రేపు వెనక డ్రమ్ములు విప్పుతున్నాం. ఇంట్లో చిన్న కంప్రెసర్ ఉంది, దుమ్మంతా ఊది శుభ్రం చేసేస్తాం.

పద్మిని పలమనేరు

తమ్ముడూ, ఊదొద్దు! పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము కంటికి కనిపించనంత సన్నగా గాలిలో తేలి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటకు రాదు, ఏళ్ల తర్వాత ప్రాణాల మీదకు తెస్తుంది. నీ షూలు ఎప్పటివో నీకు తెలియదు కదా. మాస్కు కట్టుకుని, నీళ్లు చిలకరించి తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వొద్దు.

లేత్ మేస్త్రి

అమ్మ చెప్పింది అక్షరాలా పాటించు. మా తరంలో మేమంతా ఊదేవాళ్లం, ముక్కుకు గుడ్డ కూడా కట్టేవాళ్లం కాదు. నాతో పనిచేసినవాళ్లలో దగ్గుతోనే మంచం పట్టినవాళ్లు ఉన్నారు.

చంద్రగిరి మార్క్4

తడిపే తుడిచాం అక్కా, థాంక్స్.

వెనక కుడివైపు అడ్జస్టర్ తుప్పు పట్టి అసలు కదలడం లేదు. నూనె పోసి నానబెట్టి, మెల్లగా ముందుకూ వెనక్కీ తిప్పితే వదిలింది. ఆ వైపు షూకూ డ్రమ్ముకూ మధ్య ఎంత సందు ఉందంటే, చక్రం బిగుసుకోవడానికి చాలాసేపు తిప్పాల్సొచ్చింది. ఎడమవైపు ఫర్వాలేదు. రెండూ సరిచేసి, చివర్లో హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగించాం. పెడల్ ఇప్పుడు మొదటి తొక్కుడుకే పైన ఆగుతోంది.

తుడా ఇంజనీర్

చాలా బాగుంది. ఘాట్‌కు ముందు ఒక్క పరీక్ష చేయండి. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న వెడల్పాటి చోట, తడి లేని నేల మీద, గంటకు 30 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేయండి. బయట ఎవరైనా నిలబడి ఏ చక్రాలు మొదట బిగుసుకుంటున్నాయో చూడాలి. ముందు డిస్కులు వేసి వెనక పాత డ్రమ్ములే ఉంచిన బండ్లలో వెనక చక్రాలే మొదట లాక్ అయ్యే ప్రమాదం ఉంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు పోతుంది, వెనక తేలికవుతుంది. వెనక చక్రాలు మొదట లాక్ అయితే బండి తోక తిప్పేస్తుంది. అలా అయితే వెనక లైన్‌లో ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టాలి.

చంద్రగిరి మార్క్4

చేశాం సార్. ముందు చక్రాలే మొదట బిగుసుకుని నేల మీద గీత గీస్తున్నాయి, వెనకవి తర్వాత. బండి పక్కకు లాగడం లేదు.

పెళ్లికి వెళ్లొచ్చాం కూడా. దిగేటప్పుడు ఘాట్ మొదట్లోనే రెండో గేరులో వేసి, ఇంజిన్‌తోనే వేగం పట్టి ఉంచి, బ్రేకు మలుపుల ముందు మాత్రమే వాడాను. కింద ఆపి దిగి చూస్తే నాలుగు చక్రాల దగ్గరా మామూలు వేడే, ఎడమకూ కుడికీ తేడా లేదు, స్టాప్ లైట్లు ఆరే ఉన్నాయి. మా అమ్మ వెనక సీట్లో నిద్రపోయింది.

లేత్ మేస్త్రి

ఇంకొక్క పని మిగిలింది. ఆ స్క్రూ తల లాక్ నట్టు సరిగ్గా బిగించావా? వదులై తల తనంతట తిరిగితే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

చంద్రగిరి మార్క్4

బిగించి, నట్టుకూ రాడ్డుకూ కలిపి ఎర్ర పెయింట్‌తో ఒక గీత పెట్టాను సార్. ఆయిల్ మార్చినప్పుడల్లా గీత జరిగిందేమో చూస్తాను.

మదనపల్లె ఫియట్

నమస్కారం. ఈ చర్చ చదివాక ధైర్యం వచ్చి రాస్తున్నాను. నా 1100 డిలైట్‌కు మారుతి బూస్టర్, ముందు డిస్కులు వేయించాను. హార్స్‌లీ హిల్స్ ఎక్కి దిగాక నాకూ ముందు చక్రాలు పట్టేస్తున్నాయి. చల్లారితే వదులుతోంది. నాదీ రాడ్డేనా?

లేత్ మేస్త్రి

కావచ్చు, కాకపోవచ్చు బాబూ. కొండ దిగితే బాగున్న బ్రేకులు కూడా వేడెక్కుతాయి. ముందు చదునైన రోడ్డు మీద కూడా ఇలాగే అవుతోందో లేదో చూడు. రెండు చక్రాలా, ఒకటేనా? స్టాప్ లైట్ స్విచ్ పెడల్ దగ్గర ఉందా, లైన్‌లో ఉందా? ఈ మూడూ చూసి రాయి. అప్పటిదాకా ఏ నట్టూ విప్పకు, ఏ పార్టూ కొనకు.